వెచ్చని మరక

దుప్పటమ్మ బంగారు రంగు రేకు అంచున సూది దింపింది. కాగితం కన్నా పలచని రేకులు, నడుమ దోమతెరలాంటి వల. వాటిని పొరలుగా కలిపి కుట్టడమే ఆమె పని. ఎక్కడో ఒక గ్రహం చుట్టూ తిరిగే మంచు చందమామల దగ్గరికి వెళ్లే కెమెరాకి ఈ దుప్పటి. కంటికందని వేడి వెలుగును ఆ కెమెరా విడదీసి, ఆ మంచు దేనితో అయిందో చెబుతుందట. దుప్పటి వెచ్చదనం కోసం కాదు, చల్లదనం కోసం. తనే వేడెక్కితే కెమెరాకి ఏమీ కనబడదు.

పొద్దున కూతురు చంటివాణ్ణెత్తుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది.

“అమ్మా, వీడి ఒళ్లు కాలిపోతోందే!”

ఆమె వాడి నుదురు తాకింది. “ఏం లేదే పిచ్చిదానా. గిన్నెలు తోమి నీ చేతులే చల్లబడ్డాయి.”

“మరి నీ ఆయాసం?”

“ఇవాళతో దుప్పటి అయిపోతుంది. రేపట్నుంచి వాణ్ణి నేను చూసుకుంటా, నువ్వు హాయిగా నిద్రపో.”

మధ్యాహ్నానికి పనిగదిలో చివరి ముడి పడింది. అలవాటు కొద్దీ దుప్పటిని ఒకసారి నిమిరి, గోడవార స్టూలు మీద కూలబడింది. బట్టతల ఇంజినీరు వేడిని తెల్లగా చూపే పరీక్ష కెమెరా తిప్పాడు. తెర మీద నల్లటి దుప్పటి, మధ్యలో తెల్లటి మరక.

“వేడి కారుతోంది. మొత్తం విప్పాలి దుప్పటమ్మా. సాయంత్రం కెమెరా పెట్టె కదిలిపోతుంది. ఇది లేకుండానే.”

ఆమె తెరకేసి చూసింది. మళ్లీ కుట్టే ఓపిక ఈ ఒంట్లో లేదు.

అంతలో మరక సన్నబడింది. ఐదు వేళ్లు తేలాయి.

“దీన్ని నిమిరావా?”

“నిమరకుండా ఎలా పంపను నాయనా, అంత దూరం?”

“కొంప ముంచావు కదమ్మా!” అని పడీపడీ నవ్వాడు. వేళ్లు ఒక్కొక్కటే ఆరిపోయి, దుప్పటి చిక్కటి నలుపయింది.

చందమామల కెమెరాని దుప్పటితో సహా పెట్టెలో పెట్టి తోసుకెళ్లారు. చక్రాల చప్పుడు దూరమవుతుంటే ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నీలం మంచు మీద ఎవరో పసివాడు పాకుతున్నాడు. వాడి మోకాళ్లు ఆనినచోటల్లా మంచు మెల్లగా వెలుగుతోంది.

“దుప్పటమ్మా, ఇంటికెళ్లవా? మీ అమ్మాయి ఫోను, పిల్లాడు ఆడుకుంటున్నాడట.”

ఆమె పలకలేదు. ఇంజినీరు భుజం తట్టాడు. తర్వాత గట్టిగా అరిచాడు.

నలుగురూ ఆమెను మోసుకుని పరిగెత్తారు, కానీ అప్పటికే అయిపోయింది. గదిలో పరీక్ష కెమెరా తెర ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ చీకటి తెర మీద, దుప్పటి పోయిన చోట, గోడవార స్టూలు, దాని మీద ఒక గుండ్రటి తెలుపు, అంచుల నుంచి నెమ్మదిగా చిన్నదవుతూ.