మేనత్త కత్తెర

పొద్దున్నే లేచి లెసియేలి చేసే మొదటి పని మేనకోడలి జుట్టు దువ్వడం. మేనకోడలు లుసియానె ఉండేది టోంగాలో, హాపై దీవుల్లో. లెసియేలి ఉండేది ఆక్లండ్‌లో, మాంగెరె పేటలో, పిన్ని కూతురు మెలెనైతె ఇంటి కారు షెడ్డులో. జుట్టు మాత్రం సముద్రం దాటి, ఒడ్డెక్కి, మూడు వీధులు తిరిగి, షెడ్డు తలుపు కింది సందులోంచి లోపలికి వచ్చేది.

రాత్రికి రాత్రే చిక్కు పడేది. నాచు లాగి, గవ్వలు ఏరి, కొబ్బరినూనె రాసి ఆ చిక్కంతా విప్పేసరికి ఉల్లిపాయల గోదాముకు తీసుకుపోయే వ్యాను వీధి చివర హారన్ కొట్టేది. వీధిలో ఎవరికీ దానితో పేచీ లేదు. ఉత్తరాలు పంచే అమ్మాయి దాటుకుని వెళ్లేది. ఎదురింటి సమోవా ముసలాయన కారు తీసేటప్పుడు దిగి, జుట్టును చేత్తో పక్కకు జరిపేవాడు. ఆడపిల్ల జుట్టు కాలితో నెట్టకూడదు కదా. మెలెనైతె మొగుడు సకోపోకి ఒకటే బాధ, షెడ్డు తలుపు పూర్తిగా దిగక చలిగాలి ఇంట్లోకి కొడుతోందని.

అక్కడ ఆ పిల్ల తల తిప్పితే ఇక్కడ లెసియేలి చేతిలో కొస కాస్త లాగేది. నవ్వితే సన్నగా వణికేది. మొగుడు పోయిన తర్వాత ఈ దేశంలో లెసియేలిని తాకి పలకరించేది అదొక్కటే.

నిజం చెప్పాలంటే ఇంత జుట్టుకూ కారణం ఆవిడ నోరే. రెండేళ్ల కిందట తమ్ముడు ఫెలెతి పోయాడు. టోంగా వాళ్లలో తమ్ముడి ఇంట అక్కదే పెద్దపీట. శవం తల దగ్గర కూర్చోవలసింది ఆవిడ. చావింటికి కానుకగా వచ్చిన చాపల్లో ఏది ఎవరికి పోవాలో చెప్పవలసింది ఆవిడ. అంతా ముగిశాక తమ్ముడి కూతురి జుట్టు కత్తిరించవలసిందీ ఆవిడే. మేనత్త కత్తెర పడేదాకా పిల్ల తల విరబోసుకునే ఉండాలి, పెళ్లి మాట ఎత్తకూడదు.

లెసియేలి వెళ్లలేకపోయింది. పందొమ్మిదేళ్ల కిందట మూడు నెలల వీసా మీద వచ్చి ఉండిపోయిన మనిషి. విమానం ఎక్కుతానంటే ఎవరూ ఆపరు, మళ్లీ రానివ్వరు, అంతే. మొగుణ్ణి ఇక్కడి మట్టిలోనే పెట్టింది. ఫెలెతి చిన్నపిల్లల నోట్లోకి వెళ్లే ముద్ద ఇక్కడి ఉల్లిపాయల్లోంచే వెళ్లాలి. సరిగ్గా ఆ వారమే రేడియోలో చెప్పారు, కాగితాలు లేనివాళ్లకి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టే ఆలోచనలో ఉందని. ఆవిడ వెంటనే ఊరికి ఫోన్ చేసింది.

"ఆగండి. దాని జుట్టు మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదు. క్రిస్మస్‌కి కాగితాలు వస్తాయి, నేనే వచ్చి కత్తిరిస్తా."

మేనత్త మాటకు తిరుగు లేదు. అందరూ ఆగారు. ఒక క్రిస్మస్ వెళ్లింది, ఇంకోటి వెళ్లింది. అదుగో పులి అంటే ఇదుగో తోక అనేవాళ్లకి మాంగెరెలో కొదవ లేదు. మంత్రిగారు తల ఊపాడట అని ఒకరంటే, ఫారాలు అచ్చవుతున్నాయట అని ఇంకొకరు. విన్న ప్రతిసారీ లెసియేలి ఇంకొంచెం ఆగమని కబురు చేసేది. జుట్టు పెరుగుతూ పోయింది. నడుం దాటింది, వాకిలి దాటింది, నీళ్లలో దిగింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చుంటే ఆ ఇంట్లోనూ అదే రభస.

"నేను తొమ్మిదేళ్లు వరుసలో నిలబడ్డా వదినా" అన్నాడు సకోపో, చేమాకుల్లో ఉడికిన మాంసం విప్పుకుంటూ. "ఎన్ని ఫారాలు, ఎన్ని ఎక్స్‌రేలు. ఇప్పుడు అందరికీ ఒకేసారి తలుపు తీస్తామంటే నా తొమ్మిదేళ్లు ఎవడిస్తాడు?"

"నువ్వు వరుసలో నిలబడ్డ తొమ్మిదేళ్లూ నీకు వండి పెట్టిందెవరు?" అంది మెలెనైతె.

"నేను అక్కని అనట్లేదే. చట్టాన్ని అంటున్నా."

"చట్టం షెడ్డులో పడుకోదు. అక్క పడుకుంటోంది."

"వాణ్ణి తిననివ్వవే" అంది లెసియేలి. "అన్నదాంట్లో తప్పేముంది? వాడి చోట నేనున్నా అదే అంటా."

సకోపో మెత్తబడ్డాడు. మనిషి మంచివాడే. "వదినా, ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోకు. ఊళ్లో మీ పెదనాన్న కూతురు ఉందిగా. నీ బదులు ఆవిడ్ని కత్తిరించమను. పిల్ల ఎన్నాళ్లని అలా ఉంటుంది?"

లెసియేలి చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "ఇక్కడ నేనెవర్ని సకోపో? కుళ్లిన ఉల్లిపాయలు ఏరే ముసల్దాన్ని. నా పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ పిల్ల తల దగ్గర మాత్రం నేను మేనత్తని. అదొక్కటీ నాకుండనివ్వండి."

ఆ మంగళవారం లుసియానె ఫోన్ చేసింది. ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల.

"అత్తా, ఇసికెలికి వవాఉ దీవి బళ్లో ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకి పడవ. పెళ్లి చేసుకుని వెళ్దామంటున్నాడు. నువ్వెప్పుడొస్తావని వాళ్లమ్మ అడుగుతోంది. నువ్వు రాకపోతే అతనికి ఇంకో సంబంధం చూస్తారట."

"నువ్వేమన్నావ్?"

"వస్తుందన్నా."

శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో సభ పెట్టారు. క్షమాభిక్ష గురించి మాట్లాడటానికి వెల్లింగ్టన్ నుంచి ఒక పార్లమెంటు సభ్యుడు వచ్చాడు. మెళ్లో పూలదండ వేయించుకుని, మీ బాధ మా బాధ అన్నాడు. వెనకటి రోజుల్లో పోలీసులు తెల్లవారకముందే ఇళ్ల మీద పడి దీవులవాళ్లను పట్టుకుపోయిన సంగతి తలుచుకుని, అందుకు ప్రభుత్వం క్షమాపణ చెప్పింది కదా అన్నాడు.

"క్షమాపణ అందింది. క్షమాభిక్ష మాటేంటి?" అన్నారు వెనక బెంచీల్లోంచి ఎవరో.

అన్ని పక్షాలతోనూ చర్చిస్తున్నాం, వరుసలో ఉన్నవాళ్లకి అన్యాయం జరగకూడదు, ఎన్నికలు కానివ్వండి అన్నాడాయన. అప్పుడు లెసియేలి లేచి నిలబడింది. మెలెనైతె ఆవిడ పావడా పట్టుకుని లాగినా కూర్చోలేదు.

"అయ్యా, నా మేనకోడలికి ఏం చెప్పమంటారు? ఇంకా ఆగమనా, వద్దనా?"

ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "అమ్మా, మీ విషయం నేను ప్రత్యేకంగా చూస్తాను. మీ పేరూ చిరునామా ఆ అమ్మాయి దగ్గర రాయించండి."

పక్కనే ఒక అమ్మాయి పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. హాల్లో సగంమంది తలలు దించుకున్నారు. ఎక్కడుంటావో రాసి ఇస్తే రేపు తలుపు తట్టేది ఎవరో ఎవరికి తెలుసు? లెసియేలి ఆ పెన్ను వైపు కాసేపు చూసి కూర్చుంది. ఈ రెండేళ్లలో లుసియానెని ఆగమన్నది పార్లమెంటు కాదు, రేడియో కాదు, తనే అని ఆవిడకి ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసొచ్చింది. సిగ్గేసింది.

శనివారం వ్యాను రాదు. లెసియేలి తీరిగ్గా జుట్టు దువ్వింది, మామూలు కంటే ఎక్కువసేపు దువ్వింది. పెట్టెలోంచి అమ్మ ఇచ్చిన సన్నచాప తీసి నడుముకు కట్టుకుంది. తమ్ముడు పోయినప్పుడు కట్టుకోవలసిన చాప అది. మెలెనైతెని గుడ్డలు కత్తిరించే కత్తెర అడిగింది.

మెలెనైతె తెచ్చి ఇచ్చి, తలుపు దగ్గరే నిలబడిపోయింది. "అక్కా, నేను పట్టుకోనా?"

"నువ్వు అమ్మవైపు దానివి, నీకేం హక్కే? పో" అని లెసియేలి కొంచెం నవ్వింది.

జుట్టు ఒళ్లో పరుచుకుని, ఫెలెతి పేరు పెట్టి పిలిచి, అతని తల దగ్గర కూర్చుని ఏడవవలసిన ఏడుపు ఏడ్చింది. తర్వాత ఆపి ముఖం తుడుచుకుంది. కొస చేతిలో లాగుతూనే ఉంది, ఆ పిల్ల ఏం పనిమీద అటూ ఇటూ తిరుగుతోందో. లెసియేలికి వదలబుద్ధి కాలేదు. వదలకపోతే ఆ పిల్ల బతుకు ఇక్కడే చిక్కుపడి ఉంటుందని తెలుసు. కత్తిరించింది.

జానెడు జుట్టు చేతిలో మిగిలింది. మిగతాది ఒళ్లోంచి జారి, తలుపు కిందనుంచి, వీధి వెంట సముద్రం వైపు వెనక్కి ముడుచుకుంటూ వెళ్లిపోయింది. ఎదురింటి ముసలాయన టోపీ తీసి, అదంతా వెళ్లేదాకా నిలబడ్డాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అత్తా, తల తేలికైపోయింది. భుజాల దాకానే ఉంది. భలే తిన్నగా కత్తిరించావు."

"నా చెయ్యి ఎప్పుడు వంకర పోయిందే?"

లుసియానె నవ్వింది. "అంటే కాగితాలు రాలేదన్నమాట."

"రాలేదు."

"ఇక నువ్వు రావా అత్తా?"

"రాను తల్లీ. మేనత్త కత్తిరించిందని ఇసికెలి వాళ్లమ్మతో చెప్పు. ఇవాళే చెప్పు. ఇక జడ వేసుకో. ఫోన్ పెట్టెయ్యకు, పక్కన పెట్టి వేసుకో."

దువ్వెన చప్పుడు మొదలైంది. రెండేళ్లుగా అలవాటు తప్పి పిల్లకి చెయ్యి తిరగడం లేదు. వేసి, విప్పి, మళ్లీ వేస్తోంది. లెసియేలి ఫోన్ చెవికి ఆనించుకుని మంచం మీద కూర్చుంది.

"అయిపోయింది అత్తా" అంది లుసియానె.

"అయిపోయిందా" అంది లెసియేలి.