కారు మూత కింది వాన

పొద్దున గంగాధరప్ప నల్లకారు తనకల్లు రోడ్డు మీదికి వచ్చిందంటే, ఊరి మేకలన్నీ దాని వెనకాలే బయలుదేరేవి. కారు పోయిన దారి పొడుగునా గీత గీసినట్టు పచ్చగడ్డి మొలిచేది మరి. ఆ కరువు ఏడాది చుట్టుపక్కల పచ్చగా ఉన్నది ఆ గీత ఒక్కటే.

అందులో వింతేమీ లేదు. చెనిక్కాయల మిల్లు ఓనరు గంగాధరప్ప ఆ కారును మద్రాసులో కొన్నాడు. మన దుమ్ము సంగతి తెలిసినవాడు కనుక, ముందద్దం కింద నీళ్ళు పోయే బెజ్జాలన్నిటికీ కొన్న చోటే గుడ్డపేలికలు కుక్కించాడు. తిరుగుదారిలో తుపాను పట్టుకుంది. వైపర్లు తోసిన వానంతా అద్దం కింది రేకుమూతలోకి దిగి, పోయే దారి లేక అక్కడే ఉండిపోయింది. ఇప్పుడా మూత తుప్పు పట్టి, వానను బొట్టు బొట్టుగా రోడ్డు మీద కారుస్తోంది.

"ఏమప్పా ఆదెన్నా! నేను మిల్లు ఓనరునా, మేకలు కాసేవాణ్ణా?" కారు దిగుతూనే అరిచాడు గంగాధరప్ప. "పెండ్లికి పోతే పందిట్లోకి గూడా వచ్చినాయి ఈ మేకలు. ఇదిగో, కొత్త మూత తెచ్చినా. ఎయ్యి."

ఆదెన్నది రోడ్డు పక్క రిపేరీ షెడ్డు. షెడ్డు వెనకాలే అతని భార్య తిరుపాలమ్మ సాగుచేసే చెనిక్కాయ చేను. ఊడలు దిగే అదను. చెట్టు నుంచి వంగిన ఊడలు నేలను వెతుక్కుంటున్నాయి. నేలేమో బండలా బిగుసుకుని వాటిని లోపలికి రానివ్వడం లేదు. ఒక్క పదును వాన పడితే ఊడ దిగి కాయ పడుతుంది. పడకపోతే రేపు పొద్దున కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీ ఎక్కి తిరుపాలమ్మ కాఫీ తోటల పనికి పోవాలి. గుడిసె గుంజకు మూట అప్పుడే కట్టి ఉంది.

ఆదెన్న మూత తడిమి చూశాడు. "వైపర్లు పీకకుంటే ఇది రాదు సావుకారీ. వాటి చేతులు దీంట్లోంచే పైకి వచ్చుండాయి."

"పీకు. పాతది లేపిన చేత్తోనే కొత్తది అదిమెయ్యల్ల. బొట్టు బయటికి పోగూడదు."

"లోపలుండే వాన?"

"లోపలే ఉండనీ. గోడౌను నిండా చెనిక్కాయలుండాయి నాకు. ఇప్పుడు వానొస్తే ధర నిలుస్తాదా? నా సరుకు అమ్ముడుపోనీ, మూత నేనే ఇప్పిస్తా."

ఆ మాట చేను గట్టు మీద ఉన్న తిరుపాలమ్మకు వినబడింది. కొంగు నడుముకు దోపుకుని వచ్చి కారు ముందర నిలబడింది.

"చెనిక్కాయలు దాపెడితివి, సరే. వానను గూడా దాపెడతావా సావుకారీ?"

"నా కారులో పడిన వాన నాదేనమ్మా."

"అట్లనా! అయితే నీ కారు మీద పడిన దుమ్ము మా ఊరిది. అది దులిపి మాకిచ్చేసి పో."

మేకల వెంట వచ్చిన రామక్క పకపకా నవ్వింది. పక్క చేను ఆమెదే. ఆమె గుడిసెలోనూ మూట కట్టే ఉంది.

గంగాధరప్ప మొగం నల్లబడింది. "ఆదెన్నా, నీ పెండ్లానికి చెప్పుకో. ఈ షెడ్డు ఎవురి జాగాలో ఉండాదో అది గూడా చెప్పు."

ఆదెన్న తుప్పు పట్టిన నట్ల మీద కిరసనాయిలు పోసి, నానాక స్పానరు తిప్పాడు. వైపర్లను అటూ ఇటూ ఆడించి ఒక్కొక్కటే పైకి లాగాడు. భార్య మొగం చూడకుండా రెండూ ఆమె చేతికిచ్చాడు. పాత మూత లేపాడు.

కొత్త మూత అందుకోవలసిన చెయ్యి అందుకోలేదు. ఊరికే నిలబడ్డాడు.

"ఎయ్యరా!" గంగాధరప్ప గొంతు చించుకున్నాడు.

అప్పటికే వాన బయటికొచ్చింది. సముద్రం వాసన వేసే వాన. మనిషెత్తున లేచి, అలవాటు చొప్పున మళ్ళీ అద్దం మీదికే పడబోయింది. తిరుపాలమ్మ వైపరు విదిలించింది. వాన పక్కకు జరిగింది. తుపానులో దెబ్బలు తిన్న వాన; వైపరంటే దానికి భయం. మేకలను తోలినట్టు "హెయ్, హెయ్" అంటూ ఆమె దాన్ని షెడ్డు వెనక్కి, తన చేని దాకా తోలింది.

గట్టు మీద రామక్క నిలబడి ఉంది. "వాన ఎవురిదే, తిరుపాలూ?" అంది. ఈసారి నవ్వలేదు.

తిరుపాలమ్మ చెయ్యి ఆగిపోయింది. రోడ్ల మీద కారగా మిగిలిన వాన అది, ఒక్క చేనికే సరిపోతుంది. సావుకారి మీద విసిరిన మాట తిరిగొచ్చి తన గట్టు మీదే కూర్చుంది. కడకు రెండో వైపరును రామక్క వైపు విసిరింది.

"పట్టుకో. సగానికి మించి తోసుకుంటివా, జుట్టు పట్టుకుంటా!"

గట్టుకు చెరోపక్క నిలబడి ఇద్దరూ వైపర్లు ఆడించారు. వాన అటు పోయింది, ఇటు వచ్చింది, అయిపోయింది. రెండు చేన్లలోనూ సగం నేల తడిసి నల్లబడింది, సగం ఎర్రగానే మిగిలింది. తడిసిన మేర ఊడలు మట్టిలోకి దిగుతుంటే తిరుపాలమ్మ వంగి చూసింది.

మూత లేని కారు వెళ్ళిపోయింది. దాని వెనకాల ఒక్క మేకా పోలేదు. పోయేముందు గంగాధరప్ప షెడ్డుకు తాళం వేయించాడు.

సగం పంట ఒక్క మనిషికే చాలుతుంది. తెల్లారి లారీ వస్తే, తిరుపాలమ్మకని గుంజకు కట్టిన మూటను ఆదెన్న భుజానికెత్తుకున్నాడు. రామక్క ఇంట్లోంచి ఆమె మొగుడు చౌడప్ప మూటతో వచ్చాడు.

"కావాలనే మూత ఎయ్యకుంటివి గదా?" తిరుపాలమ్మ అడిగింది.

"చెయ్యి జారింది లే."

"నీ చెయ్యి ఎన్నడు జారినాది?"

ఆదెన్న లారీ ఎక్కేశాడు.

లారీ కదిలింది. అతని కళ్ళలో నీళ్ళు నిండి చేనూ, మనిషీ మసకబారిపోయారు. రోడ్డు పక్క నిలబడి తిరుపాలమ్మ చెయ్యి ఊపింది. ఆ చేతిలో వైపరు ఇంకా ఉంది.

ఆదెన్న కళ్ళలోని నీళ్ళు ఒక పక్కకు తప్పుకున్నాయి. సగం ఎరుపు, సగం నలుపు చేనూ, దాని ముందర ఆమె, మలుపు తిరిగేదాకా అతనికి తేటగా కనబడుతూనే ఉన్నారు.