అరగంటకో కోపం

ఊరంతా చెప్పులు, బూట్లు అమ్మే ఆ కంపెనీకి నలభై దుకాణాలు. వాటి డేటా విభాగానికి పెద్దాయన ఎక్స్‌రే సార్. అంకెలు చూసి కస్టమర్ గుండెలో ఏముందో చెప్పేస్తానని ఆయనే అంటుంటాడు కాబట్టి ఆ పేరు. దుకాణం గడప తొక్కి మాత్రం పదకొండేళ్ళయింది. ఆయన కాళ్ళకున్న బూట్లు కూడా వేరే కంపెనీవే.

ఆయన కింద పనిచేసే కొత్తమ్మాయి చేరి మూడేళ్ళయింది. ఆ తర్వాత ఎవరినీ తీసుకోలేదు కనుక ఇంకా కొత్తమ్మాయే.

ప్రతి దుకాణంలో బయటికెళ్ళే తలుపు పక్కన ఒక మిషన్ ఉంటుంది. దాని మీద నాలుగు మొహాలు: ఎడమ చివర పచ్చగా నవ్వేది, కుడి చివర ఎర్రగా మండిపడేది, మధ్యలో ఎటూ తేల్చుకోలేనివి రెండు. వెళ్ళేవాళ్ళు తమకు తోచింది నొక్కుతారు. ఏడో నంబరు దుకాణంలో సరిగ్గా అరగంటకోసారి ఎర్రది పడుతోందని కొత్తమ్మాయి కనిపెట్టింది. క్లీనర్ పిన్ని సెలవు పెట్టిన రోజుల్లో మాత్రం పడటం లేదు. వింతగా ఉందని ఆ గ్రాఫు మీటింగులో చూపించింది. అదే ఆమె చేసిన పాపం.

"ఆవిడ రాని రోజు ఒక్క కోపం కూడా లేదా?" అన్నాడు ఎక్స్‌రే సార్.

"లేదు సార్. కానీ..."

"ఇంకేం! ఆవిడ మొహం చూస్తే జనానికి మండుతోంది. సోమవారం నుంచి రావద్దనండి."

"సార్, పొద్దున తొమ్మిదిన్నరకి కూడా ఎర్రది పడింది. షాపు తెరిచేది పదింటికి కదా!"

ఆయన కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ధ్యానం చేశాడు. "చూశారా, లోపలికి రాకముందే కోపం వచ్చేస్తోంది. అంత ముదిరిపోయింది."

అందరూ తలలూపారు. ఒకాయన ఊపి ఊపి మెడ పట్టేసి రెండు రోజులు సెలవు పెట్టాడు.

కొత్తమ్మాయి ఆ గ్రాఫు మళ్ళీ తెరిచి చూసింది. తను గీసిన గీతతో ఒక మనిషి ఉద్యోగం పోతోంది. మర్నాడు ఏడో నంబరు దుకాణానికి వెళ్ళి కూర్చుంది.

పిన్ని తుడిచిన నేలలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. గడియారంలో ముల్లు అరగంట మీదికి రాగానే ఆవిడ తడిగుడ్డ తీసి మిషన్ మొహాలను ఎడమ నుంచి కుడికి ఒక్క ఊపులో తుడిచి, చివరికి ఎర్రదాన్ని గట్టిగా రుద్దింది. మిషన్ 'ధన్యవాదాలు' అంది.

"అన్నిసార్లు ఎందుకు పిన్నీ తుడవడం?"

"అరగంటకోసారి తుడవాలని పైనుంచి కాగితం వచ్చిందమ్మా. ఇక్కడికొచ్చేవాళ్ళకి కోపాలెక్కువట, దీన్ని తెగ నొక్కుతారట. ఎవరో పెద్ద సారు సంతకం పెట్టాడు."

"మీరు రాని రోజు?"

"దాన్ని ముట్టుకునే దిక్కుండదు. మర్నాడు చూడాలి, జిడ్డు కారుతూ ఉంటుంది."

కొత్తమ్మాయి పరుగున ఆఫీసుకు వచ్చి చెప్పింది.

"షాపుకి వెళ్ళావా?" అన్నాడు ఎక్స్‌రే సార్, పక్కింటివాళ్ళ బాత్‌రూమ్‌లోకి వెళ్ళావా అన్నట్టు. "డేటా ఇక్కడుంటే అక్కడేం పని?"

"సార్, కోప్పడుతున్నది కస్టమర్లు కాదు. గుడ్డ!"

"ఆవిడని తీసేస్తే ఎర్రవి తగ్గుతాయా, తగ్గవా?"

"తగ్గుతాయి, కానీ..."

"మరి నేను చెప్పింది కరెక్టేగా! మంచి లీడర్‌కి రెండే లక్షణాలమ్మా. వెంటనే తేల్చెయ్యాలి. తేల్చాక మళ్ళీ దాని మొహం చూడకూడదు."

ఇంత బుర్రకి ఇంత పెద్ద గది ఎందుకిచ్చారో కొత్తమ్మాయికి అర్థం కాలేదు. నిజం ఇక్కడ చెల్లదని మాత్రం అర్థమైంది.

"ఒక్క వారం ఆగండి సార్. మీరు తీసేస్తానన్నారని చెప్తాను. మీకు భయపడి మారుతుందేమో."

ఆయన మొహం వెలిగింది. "భయపడుతుందంటావా?"

"మీరంటే భయపడనివాళ్ళు ఎవరున్నారు సార్?" అంది, నవ్వు బయటపడకుండా బుగ్గ లోపల కొరుక్కుంటూ.

సాయంత్రం మళ్ళీ దుకాణానికి వెళ్ళింది. "పిన్నీ, తుడిచే ముందు వెనకాల స్విచ్ ఆపండి. తుడిచాక వెయ్యండి."

"ఓస్, ఇంతేనా! ఈ ముక్క చెప్పడానికా నువ్వు అంత చదువు చదివింది?"

వారం గడిచింది. ఎర్రవి పడలేదు. 'ఒక్క మాటతో మనిషిని మార్చడం ఎలా' అని ఎక్స్‌రే సార్ రెండు గంటలు ప్రసంగించి, పిన్ని ఉద్యోగం ఉంటుందని కాగితం మీద సంతకం పెట్టాడు. ఫొటో కోసం స్వయంగా బయల్దేరాడు కూడా. దుకాణం ఎలా ఉంటుందో గుర్తులేక పక్కనున్న మందుల షాపులోకి వెళ్ళి, అక్కడి సిబ్బందిని పది నిమిషాలు అభినందించి, తర్వాత ఇక్కడికొచ్చాడు.

పచ్చమొహం మీద బొటనవేలు నొక్కిపెట్టి నిలబడ్డాడు. ఫొటో అయ్యాక పిన్ని మొహం వైపైనా చూడకుండా కారెక్కాడు.

"ఈయన ఏం పని చేస్తాడే తల్లీ?" అంది పిన్ని.

"మనుషుల మనసులు చదువుతాడట పిన్నీ."

"అయ్యో పాపం. చదువు అబ్బినట్టు లేదే!"

ఆవిడ స్విచ్ ఆపి, పచ్చమొహం మీద పడిన బొటనవేలి జిడ్డును శుభ్రంగా తుడిచేసింది.