పరుపుల కొట్టులో పలక

ఆ పరుపుల కొట్టులో గుడ్డు పగలడం నిషేధం.

ఎవరైనా పరుపు కొనడానికి వస్తే చాలు, నాన్న స్టూలెక్కి, చెయ్యి చాచి, ఒక పచ్చి గుడ్డును పరుపు మీదికి వదులుతాడు. అది పడి, కాస్త ఎగిరి, బుద్ధిగా ఆగిపోతుంది. "గుడ్డుకే ఏం కాలేదు, మీ నడుముకి ఏమవుతుంది?" అంటాడు నాన్న. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. గుడ్డు మళ్ళీ గల్లాపెట్టె పక్కనున్న గిన్నెలోకి పోయి విశ్రాంతి తీసుకుంటుంది.

ఎప్పుడూ అదే గుడ్డు. కొట్టులో అందరికన్నా సీనియర్ అదే అని అమ్మ అంటుంది. అది ఎప్పుడు కొన్నదో ఎవరికీ గుర్తులేదు కానీ, పగిలితే మాత్రం వీధి ఖాళీ చెయ్యాల్సి ఉంటుందని అందరికీ తెలుసు.

ఆ తర్వాతి సీనియర్ మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. ఆయన ఉద్యోగం కూర్చోవడం. నాన్న దూది కూరి, అమ్మ గలీబు తొడిగిన ప్రతి దిండు మీదా, ప్రతి పరుపు మీదా ఆయన కూర్చుంటాడు. కళ్ళు మూసుకుంటాడు. "ఎడమ మూల రెండు గుప్పిళ్ళు తక్కువైంది బావా" అంటాడు. విప్పి చూస్తే నిజంగానే రెండు గుప్పిళ్ళు తక్కువ ఉంటుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయనకు ఒక గుణం ఒంటబట్టింది. మెత్తటిది ఏది కనబడినా నిలబడలేడు. పెళ్ళిళ్ళకు పిలిస్తే ముందు కుర్చీలన్నీ పరీక్షించి గానీ పెళ్ళికొడుకును పలకరించడు.

ఇక కూతురు. ఆమెను ఇంట్లో పురుగు అంటారు. పుస్తకాల పురుగు అన్నది పూర్తి పేరు, పని తొందరలో సగం అరిగిపోయింది. పరుపుల అంచులు కుట్టడం ఆమె పని. అలా కుట్టి కుట్టి కూడబెట్టిన డబ్బుతో, పుస్తకాలు చదువుకోవడానికి సొంతంగా ఒక ఈ-రీడర్ కొనుక్కుంది. ఇంట్లో దానికి పలక అని పేరు పెట్టారు.

మొదటి పలక వచ్చిన రోజున నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత పల్చగా ఉంటే ఎలా బతుకుతుందే?" అన్నాడు. సాయంత్రానికల్లా దానికి ఒక సంచి కుట్టించాడు. నాలుగు వైపులా మేలురకం దూది, పైన పూల గలీబు, అంచుకు కుచ్చు. అందులో పెడితే మేడ మీంచి విసిరినా ఏమీ కాదు. నాన్న మేడ మీంచి విసిరి మరీ చూపించాడు. పలకకు ఏమీ కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం పురుగు దాన్ని బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. మావయ్య అటుగా వచ్చాడు. బల్ల మీద కొత్త దిండు కనబడింది. కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"మధ్యలో ఏదో గట్టిగా తగులుతోంది బావా" అన్నాడు. అని, దూది సర్దుకుంటుందేమోనని ఇంకొంచెం బరువేసి అటూ ఇటూ కదిలాడు.

తీసి చూస్తే తెర పైసగంలో అక్షరాలు అలాగే నిలిచిపోయి ఉన్నాయి. కిందిసగమంతా నల్లటి చారలు. పైసగంలో చివరి వాక్యం ఇది: "హంతకుడు మరెవరో కాదు, అతని".

అతని తర్వాత చారలే.

ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అతని తమ్ముడు అని అమ్మ. అతని వంటవాడు అని నాన్న. మావయ్య మాత్రం ఎవరి మొహమూ చూడకుండా, "దిండులా కనబడితే నేనేం చెయ్యను? అది నా వృత్తిధర్మం" అన్నాడు.

బాగుచేసేవాడు దాన్ని వెలుతురుకు పట్టి చూసి పెదవి విరిచాడు. "లోపల ఉల్లిపొరంత గాజు ఉంటుందమ్మా. ఇవి కిందపడి చచ్చేది తక్కువ. నలిగి చచ్చేదే ఎక్కువ" అన్నాడు. పురుగు ఆ మాటను మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

రెండో పలక కొనడానికి ఆమె ఎన్ని పరుపుల అంచులు కుట్టిందంటే, వాటిని వరసగా పరిస్తే సముద్రం మీద నడుచుకుంటూ అవతలి ఒడ్డుకు పోవచ్చు. అది ఇంటికి వచ్చిన పూటే నాన్న చట్టం చేశాడు. పలక బీరువాలో దుప్పట్ల మధ్య ఉంటుంది. కావాలన్నప్పుడు అమ్మనడగాలి. అమ్మ తీసి ఇస్తే, అమ్మ ఎదురుగా కూర్చుని చదివి, మళ్ళీ అమ్మ చేతికే ఇచ్చేయాలి. అమ్మకు రోజంతా కుట్టుమిషను ముందే సరిపోతుంది.

"అలా ఉంటే పగలదు" అన్నాడు నాన్న.

"చదవడం కూడా జరగదు నాన్నా."

"భద్రంగా ఉంటుంది కదే."

"సమాధిలో పెట్టినా భద్రంగానే ఉంటుంది."

నాన్న బీరువాకు తాళం వేశాడు. పురుగు ఇంకేమీ అనలేదు. ఆ అమ్మాయి ఏమీ అనకపోతే ఇంట్లోవాళ్ళు భయపడాలి. కానీ ఆ వారం పరుపుల ఆర్డర్లు ఎక్కువగా ఉండటంతో భయపడటానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

పెరట్లో పాత సోఫా ఒకటి పడి ఉంది. పురుగు దాని వీపు విప్పి, రెండు చెక్కముక్కలు కోసింది. ఒకదానికి చుట్టూ వేలెత్తు అంచు కొట్టింది. రెండోదాన్ని మూతగా బిగించింది. లోపల పలక పెడితే మూతకూ తెరకూ మధ్య గాలి తప్ప ఇంకేమీ తగలదు. దూది లేదు. పూలు లేవు. కుచ్చు అసలే లేదు. తర్వాత అమ్మ కొంగున ఉన్న తాళంచెవి అమ్మ కళ్ళముందే తీసుకుని, బీరువా తెరిచి, పలకను పెట్టెలో పెట్టుకుని, పాత పూలసంచిని కూడా పట్టుకుని కొట్టుకు బయల్దేరింది.

"మీ నాన్న చూస్తే?" అంది అమ్మ.

"చూడాలనే."

నాన్న చూశాడు. అప్పుడే భార్యాభర్తలిద్దరు పరుపు కోసం వచ్చి ఉన్నారు. గుడ్డు కూడా డ్యూటీకి సిద్ధంగా ఆయన చేతిలో ఉంది.

"ఏంటే అది?"

"పలకకి ఇల్లు."

"చెక్కతోనా?" అన్నాడు నాన్న. "పరుపులవాడి కూతురు చెక్క చంకన పెట్టుకు తిరుగుతుందా? రేపు నేల మీద పడుకుంటానంటావు. ఎల్లుండి అది ఆరోగ్యానికి మంచిదంటావు. మనం గంజి తాగాలి."

"నీ దూది పడేవాటిని కాపాడుతుంది నాన్నా. కూర్చునేవాళ్ళ నుంచి కాపాడదు."

"గుడ్డునే కాపాడుతున్నానే నేను."

"అయితే ఆ గుడ్డును ఈ పూలసంచిలో పెట్టు. మావయ్యను కూర్చోమను. గుడ్డు బతికితే నా పలకను నేనే బీరువాలో పెట్టి తాళంచెవి నీకిస్తా. మళ్ళీ అడగను. గుడ్డు పోతే మాత్రం, మావయ్య ఈ పెట్టె మీద కూడా కూర్చోవాలి. పలక లోపలుండగానే. పలక బతికితే నా దగ్గరే ఉంటుంది."

"పలక తీసేసి కూర్చోబెట్టవే" అంది వెనకాలే వచ్చిన అమ్మ.

"ఖాళీ పెట్టె మీద కూర్చుంటే ఏం తెలుస్తుందమ్మా?"

కొనడానికి వచ్చినాయన తన భార్య చెవిలో ఏదో అన్నాడు. వెళ్ళబోతున్న ఆయన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. నాన్నకు ఇక వెనక్కి తగ్గే దారి లేదు. వేరే గుడ్డు తెప్పించవచ్చు. కానీ ఇన్నాళ్ళు నమ్మకంగా పనిచేసినదాన్ని అవమానించినట్టవుతుందని అనుకున్నాడు కాబోలు, ఆ సీనియర్‌నే దూది మధ్యలో పడుకోబెట్టి గుండీలు పెట్టాడు.

"బావా, ఒక్కసారి ఆలోచించు" అన్నాడు మావయ్య.

"కూర్చోరా."

మావయ్య కూర్చున్నాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

చిన్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత జరిగినదాన్ని వాసన అనడం తప్పు. వాసన అయితే ముక్కుకు తెలుస్తుంది. ఇది చెవులకు తెలిసింది. గోడ గడియారం ఆగింది. ఎదురింటి పిల్లి ఆ పూటే వేరే పేటకు కాపురం మార్చింది. మావయ్య కళ్ళు తెరవకుండానే, "కుడి మూల తడిగా ఉంది" అన్నాడు.

అందరూ వీధిలోకి వచ్చిపడ్డారు. నాన్న దీపస్తంభం పట్టుకుని నిలబడ్డాడు. పురుగు మాత్రం ముక్కుకు చున్నీ కట్టుకుని, పెట్టెను తెచ్చి కాలిబాట మీద పెట్టింది.

"మావయ్యా, రెండోది."

"ఇప్పుడా? నన్నిలా చూసి కూడా?"

"ఇప్పుడే."

అమ్మ పెట్టె మీద పాత కాగితం పరిచింది. మావయ్య నాన్న వైపు చూశాడు. నాన్న దీపస్తంభం వైపు చూశాడు. అప్పటిదాకా ఎవరికీ బెదరని పురుగు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మావయ్య కూర్చున్నాడు.

"గట్టిగా ఉంది" అన్నాడు బాధగా. "ఎక్కడా అణగట్లేదు."

"అదే కావాలి. ఇంకొంచెం కదులు."

కదిలాడు. లేచాడు. పురుగు మూత తీసి మీట నొక్కింది. తెర మీద అక్షరాలు మూల నుంచి మూల దాకా నిండుగా వచ్చాయి. చార ఒక్కటి కూడా లేదు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "సరే, నీ దగ్గరే ఉంచుకో. కనీసం పైన కొంచెం దూది అతికిస్తానే. నలుగురూ చూస్తే బాగుండదు."

"మావయ్య మళ్ళీ కూర్చుంటాడు. వద్దు."

కొనడానికి వచ్చినావిడ ముక్కు మూసుకునే అడిగింది. "ఆ పెట్టెలు మీ దగ్గర అమ్ముతారా?"

నాన్న దీపస్తంభాన్ని ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

ఈలోగా పురుగు పేజీలు తిప్పి, తనకు కావాల్సిన చోటికి చేరుకుంది. "హంతకుడు మరెవరో కాదు, అతని" దగ్గర వేలు ఆగింది. తర్వాతి మాట చదివింది. కనుబొమలు పైకి వెళ్ళాయి.

"ఎవరే?" అన్నాడు మావయ్య.

"తమ్ముడే కదా?" అంది అమ్మ.

"వంటవాడు" అన్నాడు నాన్న, స్తంభం వదలకుండా.

పురుగు మూత వేసింది. "తెలుసుకోవాలంటే ఎవరిది వాళ్ళు కొనుక్కోండి. పెట్టె నేను చేసిస్తా."

అని పెట్టెను చంకలో పెట్టుకుని తిన్నగా కొట్టులోకి నడిచింది. పరుపుల దొంతి పైకెక్కి, చున్నీ ఇంకో చుట్టు చుట్టి, మూత తీసింది.

"ఆ కంపులో ఎలా కూర్చుంటావే, బయటికి రా" అని నాన్న అరిచాడు.

"సాయంత్రం దాకా ఇక్కడికి ఎవరూ వచ్చి కూర్చోరు నాన్నా" అంది పురుగు పేజీ తిప్పుతూ. "దీనికి ఇంతకన్నా భద్రమైన చోటు ఎక్కడుంది?"