గల్లీ వైపు గది

మేస్త్రీ సదయ్య అరుగు మీద టేపు పెట్టి కొలుస్తుంటే నేను వంటింట్లో అందరికీ చాయ్ వడబోస్తున్నాను. మంథని బజారులో మా అత్తగారిది తాతల నాటి ఇల్లు. టేకు స్తంభాలు, ఇద్దరు పడుకునేంత వెడల్పు అరుగులు. వాటిని కొట్టేసి దుకాణాలకు షట్టర్లు పెడుతున్నారు. గోదావరిఖని నుంచి ఒకాయన వచ్చి సెల్‌ఫోన్ల దుకాణానికి మాట్లాడుకుని పోయాడు.

"గల్లీ దిక్కు గది గూడ కిరాయికి ఇచ్చేద్దాం. దానికి వేరే దర్వాజ ఉన్నది, మస్తుగుంటది," అన్నాడు మా ఆయన వామనరావు.

నెలసరి వస్తే మూడు రోజులు నన్ను కూర్చోబెట్టేది ఆ గదిలోనే. ఆ వేరే దర్వాజ పెట్టిందే అందుకు, మైల మనిషి ఇంట్లోంచి నడవకూడదని. పెళ్లైన కొత్తలో గడప అవతల నుంచి పళ్లెం తోస్తుంటే కుక్కకు పెట్టినట్టుందని ఏడ్చాను. తర్వాత్తర్వాత, చెప్పడానికి సిగ్గేమిటి, ఆ గది కోసం ఎదురుచూశాను. పొద్దున్నే లేవక్కర్లేదు, డ్యూటీకి పోయే ఆయనకు టిఫిన్ డబ్బా కట్టక్కర్లేదు. గూట్లో దాచుకున్న పుస్తకాలు చదువుకునేదాన్ని. "మా ఆవిడకు నెలనెలా సెలవులు," అని ఆయన అందరి ముందూ నవ్వేవాడు. ఈ ఇంట్లో ఒళ్లు వాల్చాలంటే ముట్టుకోకూడనిదాన్ని కావాల్సిందేనా?

"మరి నేనెక్కడ కూసోవాలె?" అని అడిగాను.

ఆయన టేపు వైపే చూస్తున్నాడు. అత్తయ్య శారదాంబ అందుకుంది. "మెట్ల కింద జాగ లేదా? మూడు రోజులకు మహల్ కావాల్నా ఏంది?"

మెట్ల కింద బొగ్గుల బస్తా, పాత చీపుర్లు. కాళ్లు చాపితే గోడ తగులుతుంది. గడ్డపారల చప్పుడు వింటూ, రాలిన సున్నం ఊడుస్తూ, రోజంతా అదే ఆలోచన. గల్లీ గదికే కాదు, అరుగులకు కూడా కిరాయి పలికింది కానీ నాకు చాప పరిచే చోటు లేకపోయింది.

ఇవాళ పొద్దున నెలసరి వచ్చింది. మెట్ల కింద అత్తయ్య అప్పటికే చాప వేసి ఉంచింది. దాన్ని చుట్టి చంకన పెట్టుకుని నడింట్లోకి వచ్చాను. వంటింటికైనా దేవుడి గదికైనా అక్కడి నుంచే దారి. ఫ్యాను కింద చాప పరిచి, పుస్తకం తెరిచి, హాయిగా కాళ్లు చాపుకుని పడుకున్నాను.

"అయ్యో, ఇల్లంత మైల చేసినవ్ గదనే!" అత్తయ్య తలుపు దగ్గరే ఆగిపోయింది.

ఆయన బూట్లు వేసుకుంటూ వచ్చాడు. "ఏంది గిది? బస్సుకు టైమైతుంది, నా డబ్బా ఏది?"

"గది కిరాయికి పోయింది గాని, నా సెలవులు నా దగ్గర్నే ఉన్నయి," అని పేజీ తిప్పాను.