కుడి మడమ

మధ్యాహ్నం పన్నెండున్నర. బయట ఎండ పేలిపోతోంది. ఆకు కదలడం లేదు. బట్టల ఫ్యాక్టరీ మూడో అంతస్తులో కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అన్నం డబ్బాలు తెరిచే ముందు పావుగంట పాఠం.

నేర్పేది ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ముసలావిడ. అందరికీ పెద్దమ్మే. చిన్నప్పుడు రేవులో, ఓడలో వంటచేసే ఒక చైనా తాత దగ్గర కుంగ్‌ఫూ నేర్చుకుందట. మూడు నెలలుగా ఒకటే పాఠం: గుర్రం ఎక్కినట్టు నిలబడడం.

"పాదాలు భుజాలకన్నా ఎడంగా. వేళ్లు ముందుకి. మోకాళ్లు వంచండి. వెన్ను నిటారుగా. పిడికిళ్లు నడుం దగ్గర. ఊపిరి బిగబట్టకండి, బొడ్డు కిందికి పోనివ్వండి."

"గుద్దడం ఎప్పుడు నేర్పుతావు పెద్దమ్మా?" అంది బొత్తాలు కుట్టే పిల్ల.

"నిలబడ్డం రానిదే గుద్దితే, పడేది నువ్వే."

సరిగ్గా నిలబడ్డవాళ్లని నేల పట్టుకునేది. పాదాల కింద గచ్చు చల్లబడి, మెత్తగా కరుచుకునేది. ఆపైన నలుగురు లాగినా కదిలేవాళ్లు కాదు. అది వదలడం ఆలస్యమైతే అక్కడే నిలబడి అన్నం తినేవాళ్లు. గంట కొట్టాక ఎవరైనా మిషన్ దగ్గరికి రాకపోతే, సూపర్‌వైజర్ హాజరు పుస్తకంలో 'నేల వదల్లేదు' అని రాసుకునేవాడు.

బొత్తాల పిల్ల తల్లిని మాత్రం ఎడమ పాదం వరకే పట్టేది. ఆమె జేబులు కుడుతుంది. ఇరవై ఏళ్లు పెడల్ తొక్కిన కుడికాలు. ఎంత చెప్పినా మడమ లేస్తుంది.

"అమ్మా, మడమ!"

"చూశాలేవే."

"పొయ్యి ముందు నిలబడ్డా తొక్కుతూనే ఉంటుంది పిన్నీ."

తల్లి తోటికోడలు కిసుక్కున నవ్వింది. "ఈ తొక్కుడేదో సైకిల్ మీద తొక్కి ఉంటే, మా అక్క ఈపాటికి దేశాలు చుట్టొచ్చేది."

నేల అందర్నీ వదిలేసరికి ఒంటిగంట కావచ్చింది. డబ్బాలు తెరిచారో లేదో, ఇస్త్రీ గదిలో ఢామ్మని మోత. తెల్లటి పొగ.

"మంట!" ఎవరు అరిచారో.

దారి ఒక్కటే. రెండో వైపు మెట్లకి అడ్డంగా బట్టల మూటలు. రెండువందల మంది ఆ ఇరుకు మెట్ల మీద పడ్డారు. కూతురు ముందుంది. మలుపు దగ్గర చెప్పు జారింది. జడ కనిపించింది. ఆ తర్వాత కనిపించలేదు.

తల్లి మోచేతులతో తోసుకుంటూ దిగింది. కూతురు మలుపులో బోర్లా పడి ఉంది. లేవబోతే ఎవరో వీపు మీద కాలేశారు. తల్లి ఆమెకి అడ్డంగా వచ్చి, పైకి తిరిగి నిలబడింది. పాదాలు ఎడంగా. మోకాళ్లు వంచి. పైనుంచి గోడ కూలినట్టు మనుషులు.

ఎడమ పాదాన్ని గచ్చు పట్టుకుంది. కుడిది జారుతోంది. పళ్లు బిగించింది. బెత్తెడు వెనక్కి. ఇంకో బెత్తెడు. కాలు కూతురి భుజానికి తగిలింది.

వెనకనుంచి సన్నగా గొంతు.

"అమ్మా... మడమ."

తల్లి బిగబట్టిన ఊపిరిని బొడ్డు కిందికి పోనిచ్చింది. మడమ దించింది. గచ్చు చల్లబడింది. కరుచుకుంది.

రెండువందల మంది బరువు ఆమె దగ్గర ఆగింది. ఆమె మీద పడి ఊపిరాడని సూపర్‌వైజర్ తల పైకెత్తి అరిచాడు. "నెట్టకండి! ఈమెని నేల పట్టుకుంది!"

ఆ మాట మెట్టు మెట్టుకీ పైకి పాకింది. నేల పట్టినవాళ్లని నెట్టి లాభం లేదని అందరికీ తెలుసు. తోపులాట ఆగింది.

"మంట కాదర్రా, ఆవిరి గొట్టం పగిలింది!" పైనుంచి పెద్దమ్మ కేక. "ఒక్కొక్కరే దిగండి."

కూతురు లేచింది. మిగతావాళ్లు గోడకి ఒదిగి, తల్లి పక్కనుంచి ఒక్కొక్కరే దిగారు. వీధిలో సూపర్‌వైజర్ హాజరు పుస్తకం తెరిచి పిలిచాడు. అందరూ పలికారు, ఒక్కరు తప్ప. ఆ పేరు ఎదురుగా 'నేల వదల్లేదు' అని రాశాడు. 

సాయంత్రం ఆరింటికి గానీ నేల ఆమెని వదల్లేదు. అందాకా కూతురు తిరిగొచ్చి, మెట్టు మీద కూర్చుని ముద్దలు తినిపించింది. "మింగవే అమ్మా," అంటూనే ఉంది.

ఇంట్లో తల్లి పొయ్యి ముందు నిలబడి కూర కలిపింది. కుడి మడమ నేల మీదే ఉంది. కూతురు చూసింది. కంచాలు పెట్టింది.

కంచాల ముందు కూర్చున్నాక, అందరూ వచ్చారో లేదోనన్నట్టు తల్లి ఒక్కొక్కరి పాదాలూ లెక్కపెట్టింది. కూతురివి రెండు. తోటికోడలివి రెండు. తనవి రెండు.

ఆరు.

మళ్లీ లెక్కపెట్టింది. ఆరే.