చిన్నకోడలి గది

పొద్దున్నే ఐదింటికి సైరన్ మోగగానే ఆ కట్టడంలో నూట ఇరవై గదులూ ఒకేసారి నిద్రలేస్తాయి. అన్నీ సర్కారు గదులే. ఎవరికీ అంగుళం ఎక్కువ లేదు, అంగుళం తక్కువ లేదు. పెద్దకోడలూ చిన్నకోడలూ పక్కపక్క గదుల్లో ఉంటూ, ఒకే కార్ఖానాలో సిపాయిల చొక్కాలకి గుండీలు కుట్టేవాళ్ళు.

రొట్టెల వరసలో నిలబడి నాయకుడి మీద జోకు వేసినందుకు చిన్నకోడలి మొగుణ్ణి పట్టుకుపోయారు. ఆ వారం నుంచే ఆమె గది పెరగడం మొదలైంది. వారానికో జానెడు. ఇరుగుపొరుగు ఎవరూ వింతగా చూడలేదు. "చోటుంది కదా, నా తడిబట్టలు ఆరేసుకోనా?" అనేవాళ్ళు, అంతే.

పెద్దకోడలికి మాత్రం కడుపు రగిలిపోయేది. తన గదిలో మొగుడు కాళ్ళు చాపితే తను ముడుచుకోవాలి. ఇద్దరూ నాలుగు మాటలు మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో! అక్కడ అదేమో లేని మొగుడి చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, వాటితో కబుర్లు చెప్పుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతుంది.

"అంత చోటు నీకెందుకే?" అని ఒకరోజు అడిగేసింది.

"నేనడిగానా అక్కా? అదే పెరుగుతోంది. నువ్వూ వచ్చి పడుకో, బావగారి గురక తప్పుతుంది," అని నవ్వింది చిన్నకోడలు.

ఆ నవ్వు చూసి ఒళ్ళు మండింది. మర్నాడే పేరు లేని ఉత్తరం రాసి గృహాల శాఖ డబ్బాలో పడేసింది: 'అందరూ సమానమన్నారు. మరి ఆ గది సంగతేంటి?'

సెలవురోజు పొద్దున కొలతల అధికారి ఇద్దరు జవాన్లతో దిగాడు. టేపు చాల్లేదు.

"ప్రజల స్థలం కాజేశావు. తీసుకురండి దీన్ని!" అన్నాడు.

చిన్నకోడలు అవతలి గోడ దగ్గర నిలబడి ఉంది. జవాన్లు నడిచారు. ఎంత నడిచినా ఆమె అంత దూరంలోనే ఉంది. పరిగెత్తారు. మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ వెనక్కొచ్చారు. అప్పటికి ఆమె బొటనవేలంత కనిపిస్తోంది. ఎవరో నడిచొచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఆ నడక చూసి, మరిదేనని పెద్దకోడలు పోల్చుకుంది.

"ఖాళీ గది అని రాసుకోండి," అన్నాడు అధికారి నిదానంగా.

"చెల్లీ! నేనూ వస్తానే!" అంటూ పెద్దకోడలు గడప దాటబోయింది. అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీకిచ్చింది పక్క గది కదమ్మా."

పెద్దకోడలు తన గదిలోకొచ్చి గోడకానుకుని కూర్చుంది. మొగుడు ఒక కన్ను తెరిచాడు.

"ఏడుస్తున్నావా? మరదలి కోసమా?"

అవునంది. తనకోసం అలా ఎవరూ నడిచి రారని చెప్పడానికి నోరు రాలేదు.